ఐల్ ఆఫ్ మ్యాన్‌లో ఆగస్టు ఆఖరు: గొడుగు సంగతి వదిలేయండి, టికెట్లు చూసుకోండి

"వేసవి అన్నారు, ఇదేం వేసవండీ" అని మీరు అడిగిందే, బ్రిటన్‌కీ ఐర్లాండ్‌కీ మధ్య సముద్రంలో ఉన్న ఈ దీవికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. పొద్దున ఎండ, పదింటికి ముసురు, మధ్యాహ్నం ఈదురుగాలి, సాయంత్రం ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఎండ. గొడుగు కొనకండి, రెండో రోజుకే గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న వాన జాకెట్ ఒకటి చాలు.

మీ అమ్మగారు సెప్టెంబరులో వస్తున్నారన్నారు కదా, నాకు టెన్షన్ దాని గురించే.

ఐరిష్ సముద్రం బాగా వెచ్చబడేది ఈ రోజుల్లోనే, అయినా 14, 15 డిగ్రీలు దాటడం కష్టం. నైరుతి నుంచి వెచ్చటి తేమ గాలి ఆ చల్లటి నీళ్ళ మీదుగా వచ్చిందంటే పొగమంచు కమ్మేస్తుంది. రొనాల్డ్స్‌వే ఎయిర్‌పోర్టు దక్షిణాన సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి రాజధాని డగ్లస్‌లో ఎండ కాస్తున్నా అక్కడ రన్‌వే కనిపించకపోవచ్చు. మనన్నాన్ అనే సముద్ర దేవుడు తన దుప్పటి కప్పి దీవిని దాచేస్తాడని ఇక్కడివాళ్ళ కథ. లివర్‌పూల్ వెళ్ళే ఫాస్ట్ ఫెర్రీకీ ఆయన పేరే పెట్టారు, గాలి ఎక్కువైతే ముందు ఆగిపోయేది అదే! ఇంగ్లండ్‌లోని హేషమ్ రేవుకి వెళ్ళే పెద్ద ఓడ దానికంటే కాస్త తట్టుకుంటుంది, కానీ అట్లాంటిక్ హరికేన్ల అవశేషాలు ఇటు తిరిగిన రోజున దాన్నీ నమ్ముకోలేం.

మొదటి ఏడాది వినాయక చవితికి ఇంటికి వెళ్దామని మాంచెస్టర్‌కి ఒక టికెట్టు, అక్కణ్ణుంచి హైదరాబాదుకి వేరే టికెట్టు, మధ్యలో 4 గంటలు పెట్టుకుని చాలా తెలివైన పని చేశాననుకున్నాను. పొగమంచుకి మొదటి విమానం రద్దయింది, రెండోది నేను లేకుండానే వెళ్ళిపోయింది, వెళ్ళేటప్పుడు ఎక్కలేదని తిరుగు టికెట్టు కూడా కొట్టేశారు. విడివిడిగా కొంటే ఒకరి ఆలస్యానికి ఇంకొకరు పూచీ పడరు. అందుకే ఇప్పుడు ఎటు ప్రయాణమైనా మాంచెస్టర్‌లో ఒక రాత్రి ఉంటాను, దీవి నుంచి పొద్దున బయల్దేరే విమానమే తీసుకుంటాను, అది పోయినా సాయంత్రం ఇంకోటి దొరికే వీలుంటుంది.

డగ్లస్‌లో వాన పడుతోందని శనివారాలు ఇంట్లో కూర్చోకండి. స్నేఫెల్ కొండ మీద ఏడాదికి దాదాపు 1900 మిల్లీమీటర్లు పడితే పల్లపు చోట్ల 800 పడేవీ ఉన్నాయి, నైరుతి గాలి రోజున ఉత్తరానికి, పాయింట్ ఆఫ్ ఏర్ వైపు కారు తిప్పి చూడండి. ఆగస్టు ఆఖర్లో మాంక్స్ గ్రాండ్ ప్రి బైకు పందేలకి రోడ్లు మూసేస్తారని మాత్రం గుర్తుంచుకోండి. కొండ మీద మబ్బు దిగి అంబులెన్స్ హెలికాప్టర్ ఎగరలేకపోతే పందేలు వాయిదా పడి, రోడ్లు మూసే టైములూ మారిపోతాయి. తూర్పు గాలికి పోటు తోడైన రోజున పిల్లల్ని ప్రొమెనేడ్ రెయిలింగ్ దగ్గరికి పోనివ్వకండి.

ఓడలు రెండు రోజులు ఆగితే షాపుల్లో కూరగాయల అరలు ఖాళీ. పాలు ఇక్కడివే, వాటికి బెంగ లేదు.

అమ్మగారి టికెట్టు ఇంకా కొనకపోతే మాంచెస్టర్ వరకే కొనండి. ముందు రోజే మీరు అక్కడికి వెళ్ళి ఆవిణ్ణి దింపుకుని, ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు ఏది నడిస్తే అందులో ఇద్దరూ కలిసి రండి. పెద్దావిడ భాష రాని ఎయిర్‌పోర్టులో ఒక్కరే రద్దు బోర్డు చూస్తూ కూర్చోవడం నాకు ఊహించుకోవడానికే బాగాలేదు.