మూడు విభాగాలూ కలిసే పీహెచ్‌డీ చేయాలంటే ముందు యూనిట్ తేల్చుకోండి

మీ ప్రశ్న ఇది: "ఇంజనీరింగ్‌లో పీజీ చేశాను. రోడ్లు, ప్రాంతీయ ఆర్థికాభివృద్ధి, పిల్లల చదువు, ఈ మూడింటి మధ్య సంబంధంపై పీహెచ్‌డీ చేయాలనుంది. ఏ విభాగంలో చేరాలి? మూడు పడవల మీద కాళ్లు పెడితే ఎక్కడా నిలవలేవని అందరూ భయపెడుతున్నారు."

అదే అంశం తీసుకోండి. చేరడం మాత్రం విద్యాశాస్త్ర విభాగంలో చేరండి.

ఇంజనీరింగ్ చదివినవారికి ఈ మాట రుచించదని తెలుసు. నేనూ అక్కడి నుంచే వచ్చాను. విద్యాశాస్త్ర విభాగమంటే టీచర్లకు శిక్షణ ఇచ్చే చోటు తప్ప పరిశోధన జరిగే చోటు కాదన్న చిన్నచూపు విశ్వవిద్యాలయాల్లో బలంగా ఉంది. ఉమ్మడి ప్రాజెక్టు మంజూరైతే ఇంజనీర్లు పరికరాలు కొంటారు, ఆర్థికశాస్త్రం వాళ్లు సమీకరణాలు రాస్తారు, విద్యాశాస్త్రం వాళ్లకు ప్రశ్నావళి ఇచ్చి బడులకు పంపుతారు. నివేదికలో వాళ్ల అధ్యాయం చివరన, అన్నిటికంటే చిన్నదిగా ఉంటుంది. అసలు విషయం దొరికేది అక్కడే.

పరిశోధక విద్యార్థిగా నేను పనిచేసిన ప్రాజెక్టు మీ అంశానికి చాలా దగ్గరిది. ఒక కొత్త వంతెన, దానికి కలిసే రోడ్డు. అవి వచ్చాక అవతలి ఒడ్డు పిల్లల చదువు మెరుగుపడిందా అన్నది ప్రశ్న. మా ఇంజనీరింగ్ బృందం ప్రయాణ సమయాలు కొలిచింది, వాహనాలు లెక్కపెట్టింది. ఆర్థికశాస్త్రం వాళ్లు జిల్లా స్థాయి ఆదాయం, ఉపాధి, బడిలో నమోదు గణాంకాలు తెచ్చారు. విద్యాశాస్త్రం నుంచి ఒక మేడమ్, ఆవిడ దగ్గర చేస్తున్న ఇద్దరు విద్యార్థులు ఉన్నారు.

సమీక్షా సమావేశంలో మొదట మా సార్ మాట్లాడారు. బడికి వెళ్లే సమయం బాగా తగ్గింది, లక్ష్యం నెరవేరిందన్నారు. తర్వాత ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ రంగురంగుల పటం వేసి, రోడ్లు ఎక్కువున్న జిల్లాల్లో నమోదు ఎక్కువగా ఉందని చూపించారు. రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. ఇక నివేదిక రాసుకోవడమే మిగిలిందన్న ధోరణిలో అందరూ కాగితాలు సర్దుకుంటున్నారు.

అప్పుడు మేడమ్ సంచిలోంచి హాజరు పట్టీల జిరాక్సు కాపీలు తీసి బల్ల మీద పరిచారు. వంతెనకు ఆనుకుని ఉన్న బడివి, నెల తర్వాత నెల. చిన్న తరగతుల్లో వంతెన తెరిచాక హాజరు స్పష్టంగా పెరిగింది. పై తరగతుల అమ్మాయిల్లోనూ పెరిగింది. పై తరగతుల అబ్బాయిల వరుసల్లో మాత్రం, మొదట వారానికి ఒకటి రెండు గైర్హాజరు గుర్తులు, తర్వాత వరుసంతా అవే. పేర్లు కొట్టేయలేదు. నమోదులో వాళ్లు బడిలోనే ఉన్నారు. ఆవిడ ఆ ఇళ్లకు వెళ్లి అడిగారు. వంతెన వచ్చాక పట్టణంలో రోజుకూలీ పని అందుబాటులోకి వచ్చింది. పొద్దున్న వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. చెల్లెళ్లను బడికి చేరుస్తున్న రోడ్డే అన్నల్ని పనికి చేరుస్తోంది.

ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ వెంటనే, "ఒక్క బడి చూసి జిల్లా సంగతి చెప్పలేం మేడమ్" అన్నారు. అందులో న్యాయముంది. మా సార్, "హాజరు మా పరిధిలోకి రాదు" అన్నారు. అందులో న్యాయం లేదు. మేడమ్ గొంతు పెంచకుండానే, "మీ సగటులో ఈ పిల్లవాడు ఎక్కడున్నాడో చూపించండి సార్, నా పట్టీలు తీసేస్తాను" అన్నారు. తీసేయాల్సిన అవసరం రాలేదు. సాయంత్రం దాకా వాదన నడిచింది, ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా. చివరికి ఒక విషయం బయటపడింది: మూడు విభాగాలూ మూడు వేర్వేరు వస్తువుల్ని కొలుస్తున్నాయి. ఇంజనీర్ కొలిచింది దారిని. ఆర్థికవేత్త కొలిచింది జిల్లాను. మేడమ్ కొలిచింది పిల్లవాణ్ణి. ఇలా దేన్ని ఒక్కొక్కటిగా లెక్కలోకి తీసుకుంటామో, దాన్నే యూనిట్ అంటారు. ప్రతిపాదన రాసిన రోజున దీన్నెవరూ ప్రస్తావించలేదు. పని మళ్లీ మొదటి నుంచి, పిల్లల స్థాయిలో, వయసు, తరగతి, ఆడ మగ విడివిడిగా నమోదు చేసేలా మారింది. ఆ మార్పు తర్వాత అందరికంటే ఉత్సాహంగా పనిచేసింది ఆ ఆర్థికశాస్త్రం ప్రొఫెసరే. కూలి రేట్లు ఎక్కడెక్కడ ఎంత మారాయో తెచ్చి, హాజరు పట్టీల పక్కన పెట్టి చూపించింది ఆయనే.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు, పాఠ్యపుస్తకాలకెక్కినదే. 1950లో రాబిన్సన్ అనే సామాజికశాస్త్రవేత్త 1930 నాటి అమెరికా జనగణన తీసుకున్నాడు. విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ. సహసంబంధం (రెండు అంకెలు కలిసి పెరుగుతాయో, ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందో మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా చెప్పే కొలత) మైనస్ 0.53. ఇంతవరకే చూస్తే వలస వచ్చినవాళ్లు ఎక్కువ చదువుకున్నవాళ్లని రాసేస్తాం. మనుషుల్ని విడివిడిగా లెక్కిస్తే సహసంబంధం ప్లస్ 0.12. అంటే వలస వచ్చినవారిలోనే నిరక్షరాస్యత కాస్త ఎక్కువ. స్థానికులు బాగా చదువుకున్న రాష్ట్రాల్లోకి వాళ్లు వెళ్లి స్థిరపడ్డారు, అందుకే రాష్ట్రాల లెక్క తలకిందులుగా కనిపించింది. 1979లో ఓపెన్‌షా, టేలర్ అనే భూగోళశాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకేశారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న 99 కౌంటీలను (మన జిల్లాల్లాంటివి) రకరకాలుగా కలిపి పెద్ద ప్రాంతాలు చేస్తూ పోయారు. వృద్ధుల శాతానికీ, ఒక పార్టీకి పడే ఓట్ల శాతానికీ మధ్య సహసంబంధం గీతలు గీసిన తీరును బట్టి దాదాపు మైనస్ 1 నుంచి దాదాపు ప్లస్ 1 దాకా వచ్చింది. డేటా అదే, సరిహద్దులే వేరు. ఇది తెలిసి కూడా జిల్లా సగటులతో పిల్లల గురించి తీర్పులు చెప్పే పత్రాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. చదివినప్పుడల్లా కోపం వస్తుంది.

రోడ్లూ ఉద్యోగాలూ చదువును పెంచుతాయా తగ్గిస్తాయా అంటే, రెండూ జరుగుతాయి. ఆర్థికవేత్త డేవిడ్ ఆట్కిన్ 2016లో ప్రచురించిన పరిశోధన మెక్సికోలో 1986 నుంచి 2000 వరకు వచ్చిన ఎగుమతి ఫ్యాక్టరీలను పరిశీలించింది. కొత్తగా వచ్చిన ప్రతి 25 ఉద్యోగాలకు ఒక విద్యార్థి పన్నెండో తరగతి దాకా వెళ్లకుండా తొమ్మిదితోనే ఆపేశాడని తేలింది. మరోవైపు భారతదేశపు గ్రామీణ రోడ్ల పథకంపై అంజలి అదుకియా, సామ్ ఆషర్, పాల్ నొవొసాద్ 2020లో ప్రచురించిన పత్రం, రోడ్డు వచ్చిన గ్రామాల్లో పిల్లలు ఎక్కువ కాలం చదివారని, పరీక్షలు మెరుగ్గా రాశారని చూపింది. రెండూ గట్టి పరిశోధనలే. రోడ్డు ఎలాంటి పనిని దగ్గర చేసిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. చదువు అక్కరలేని కూలి దగ్గరైతే పిల్లవాడు బడి మానతాడు. చదివినవాడికే దొరికే ఉద్యోగం దగ్గరైతే బడిలో నిలుస్తాడు. ఈ తేడా పట్టుకోవాలంటే రోడ్డు తెలిసినవాడు, కూలి మార్కెట్ తెలిసినవాడు, తరగతి గది తెలిసినవాడు ముగ్గురూ కావాలి. మీ అంశం మంచిదని నేననడానికి కారణం ఇదే.

ఇక ఇంజనీర్ల మీద నాకున్న ఫిర్యాదు. మనవాళ్లకు వస్తువు పనిచేస్తే పని అయిపోయినట్టే. ప్రతి పిల్లవాడికీ ఒక లాప్‌టాప్ అనే కార్యక్రమాన్ని 2005లో ఎంతో ఆర్భాటంగా ప్రకటించారు. యంత్రం నిజంగానే గొప్పది, తక్కువ విద్యుత్తుతో నడిచేది, ఎండలో కూడా తెర కనిపించేది. పెరూలో గ్రామీణ బడులకు పెద్ద ఎత్తున పంచినప్పుడు, క్రిస్టియా అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు యాదృచ్ఛికంగా ఎంపికైన బడులను ఎంపిక కాని బడులతో పోల్చారు. పిల్లల చేతికి కంప్యూటర్ బాగానే అందింది, గణితం, భాష మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ లాప్‌టాప్‌ను పాఠంలో ఎప్పుడు, ఎందుకు తెరవాలన్న ప్రశ్న తరగతి గదిది. దాన్ని ముందే అడగాల్సింది.

ఇంకొకటి. చదువు చెప్పే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రతి ప్రయోగశాల ప్రతిపాదనలోనూ విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ 1984 నాటి పత్రం కనిపిస్తుంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో ట్యూటర్ ఉంటే, మామూలు తరగతి కంటే రెండు ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) మేర ఫలితం మెరుగవుతుందన్న మాట అందులోది. అది ప్రధానంగా ఆయన విద్యార్థులిద్దరి థీసిస్‌ల మీద ఆధారపడిన లెక్క. 2011లో వాన్‌లేన్ అనే పరిశోధకుడు అనేక అధ్యయనాలను కలిపి చూస్తే మనిషి ట్యూటర్ ప్రభావం 0.79 ప్రామాణిక విచలనం అని వచ్చింది. చివరి జవాబు దగ్గరే కాక లెక్కలో ప్రతి మెట్టులోనూ సాయం చేసే కంప్యూటర్ ట్యూటర్‌కూ దాదాపు అంతే వచ్చింది. 0.79 కూడా పెద్ద మెరుగుదలే. సంతోషించదగ్గ ఈ అంకెను పక్కనపెట్టి రెండు అనే పాత అంకెనే మోస్తున్నారంటే, విద్యాశాస్త్రం జర్నళ్లను ఎవరూ చదవడం లేదన్నమాట.

"ఎక్కడా నిలవలేవు" అని మిమ్మల్ని భయపెడుతున్నవాళ్లకు వాల్టర్ ఐజార్డ్ అనే ఆర్థికవేత్త సంగతి చెప్పండి. 1954లో ప్రాంతీయ శాస్త్రం పేరుతో సంఘం పెట్టి, ఆర్థికశాస్త్రం, భూగోళశాస్త్రం, ప్రణాళికా రంగాల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టినవాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆ పేరుతో ఒక విభాగమే నెలకొల్పాడు. 1990ల్లో ఆ విభాగాన్ని మూసేశారు. దాంతో పని ఆగిందా? ప్రాంతాల మధ్య సరుకు, మనుషుల రాకపోకలను అంచనా వేసే గురుత్వాకర్షణ నమూనాలు రవాణా ఇంజనీర్లకు ఇప్పటికీ రోజువారీ పనిముట్లే. పరిశ్రమలు ఒకచోటే ఎందుకు గుమికూడతాయన్న ప్రశ్న మీద పనిచేసిన పాల్ క్రూగ్‌మన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. విభాగం బోర్డు తీసేసినా పద్ధతులు బతుకుతాయి. మీరు పద్ధతి నేర్చుకోండి.

నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి, అవి ఎవరూ ముందుగా చెప్పరు. ఆర్థికశాస్త్రంలో పత్రం రచయితల పేర్లు సాధారణంగా అక్షరక్రమంలో వేస్తారు. ఇంజనీరింగ్‌లో ఎక్కువ పనిచేసినవారు మొదట, ప్రయోగశాల పెద్ద చివర. ఉమ్మడి పత్రంలో మీ పేరు మధ్యలో వస్తే, ఉద్యోగ ఎంపిక కమిటీలో ఇంజనీర్లు మిమ్మల్ని సహాయకులనుకుంటారు. ఇంజనీరింగ్‌లో సమావేశ పత్రం తొందరగా అచ్చవుతుంది, ఆర్థికశాస్త్రం జర్నల్‌లో సమీక్షకే ఏళ్లు పట్టవచ్చు. ఈ రెండు గడియారాలకూ మధ్య మీ ఫెలోషిప్ గడువు నడుస్తుంటుంది. పైగా మూల్యాంకన పత్రంలో విభాగం కోడ్ రాయడానికి ఒక్కటే గడి. అంతర్విభాగ పరిశోధన గురించి వేదికల మీద గంటలు గంటలు మాట్లాడే పెద్దలు, ఆ గడి పక్కన ఇంకో రెండు గళ్లు గీయించలేకపోయారు. వీటిపై అలిగి లాభం లేదు. రచయితల వరుస సంగతి ప్రాజెక్టు మొదటి నెలలోనే కాగితం మీద రాయించుకోండి.

విద్యాశాస్త్ర విభాగం ఎందుకంటే, పిల్లల స్థాయి డేటా అందేది అక్కడే. బడి గడప దాటనిచ్చే నమ్మకం, ప్రధానోపాధ్యాయులతో పరిచయం, హాజరు పట్టీ నిజంగా ఎప్పుడు నింపుతారో తెలిసిన అనుభవం వాళ్ల దగ్గరే ఉన్నాయి. చిన్న యూనిట్ నుంచి కూడుకుంటూ జిల్లా దాకా వెళ్లొచ్చు. జిల్లా సగటును చీల్చి పిల్లవాణ్ణి బయటికి తీయడం మాత్రం కుదరదు. ప్రయాణ సమయాలు కొలవడం మీకు ఎలాగూ వచ్చు. ఎకనామెట్రిక్స్‌ను (ఆర్థిక డేటాను గణాంక పద్ధతులతో పరిశీలించే శాస్త్రం) ఆర్థికశాస్త్ర విభాగంలో కోర్సుగా చదవండి, వినడానికి కూర్చోవడం కాకుండా పరీక్ష రాయండి. సహ గైడ్‌గా అక్కడి నుంచే ఒకరిని అడగండి. పిల్లల వివరాలు సేకరించాలంటే నైతిక సమీక్ష కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి, పేర్ల స్థానంలో కోడ్‌లు వాడాలి. ఆ అనుమతికి నెలలు పడుతుంది కాబట్టి, చేరిన వెంటనే దరఖాస్తు పెట్టండి.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన లేదా ఆవిడ ప్రచురణల జాబితా చూసి ఆగిపోకండి. ఈమధ్య పూర్తయిన థీసిస్‌కు మూల డేటా ఎక్కడ, ఎవరు, ఎలా సేకరించారో అడగండి. బడి పేరు తెలియకపోయినా, అక్కడ పట్టీ ఉదయం నింపారా సాయంత్రం నింపారా చెప్పగలిగినవారి దగ్గర చేరండి.