పర్లాకిమిడికి ఇచ్ఛాపురం ఏ దిక్కున?

ప్రశ్న: ఒక చోటు ఎక్కడుందో మన మనసు ఎలా నిర్ణయించుకుంటుంది?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆంధ్రాలోని ఇచ్ఛాపురం మనకు ఏ దిక్కున అని ఇంట్లో అడిగితే, తడుముకోకుండా అందరూ దక్షిణమన్నారు. ఫోన్లో మ్యాప్ తీశాను. మన ఊరు దాదాపు 18.8 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే, ఇచ్ఛాపురం 19.1 మీద ఉంది. అంటే ఉత్తరాన! కాకపోతే తూర్పుకు కాస్త ఎక్కువే జరిగి ఉంది.

మనసు ఊళ్లను విడివిడిగా దాచుకోదు, రాష్ట్రాల సంచుల్లో వేస్తుంది. ఒడిశా పైన, ఆంధ్రా కింద, కాబట్టి ఆంధ్రా ఊరు కిందే ఉండాలి. 1978లో స్టీవెన్స్, కూప్ అనే మనస్తత్వ పరిశోధకులు అమెరికాలో ఇదే చూపించారు. నెవాడా రాష్ట్రం కాలిఫోర్నియాకు తూర్పు కదా అని, నెవాడాలోని రెనో నగరం కాలిఫోర్నియాలోని శాన్ డియాగోకు తూర్పున ఉందనుకున్నారు జనం. నిజానికి అది పడమరే.

దూరం సంగతీ అంతే. పాతపట్నం మాకు కూతవేటు దూరం. అయినా మా అమ్మ కూరగాయలకు బయల్దేరుతూ "ఆంధ్రా వెళ్లొస్తా" అంటుంది. వంద కిలోమీటర్లు దాటినా ఒడిశాలోనే ఉన్న బరంపురానికి మాత్రం "ఇలా వెళ్లొస్తా". ఆ సరిహద్దు గీత 1936లో ఒడిశా ఏర్పడినప్పటిది, అమ్మ పుట్టక ముందుది.