చచ్చినవాళ్ల జాబితా రాసి చూడండి

ప్రశ్న: పేరుమోసిన కిల్లర్ పాత్రల చిన్నతనం చూపించే ప్రీక్వెల్ సినిమాలు ఎందుకు తేలిపోతాయి? వాటిలో చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా?

(స్పాయిలర్లు ఉన్నాయి, ముందే చెబుతున్నా.)

"మిస్టరీ పోతుంది కదా" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ వాదన నిలబడదు. సైకో (1960) చివర్లో డాక్టరు వచ్చి నార్మన్ బేట్స్ కథంతా విడమరిచి చెప్పేస్తాడు. తండ్రి పోయాడు, తల్లి కొడుకుని వదలకుండా పట్టుకుంది, తర్వాత ఆమె జీవితంలోకి ఇంకొకడొచ్చాడు, కొడుకు ఇద్దర్నీ చంపేశాడు. మిస్టరీ మొత్తం అక్కడే ఖాళీ. అయినా ఆ వెంటనే దుప్పటి కప్పుకుని గోడ దగ్గర కూర్చున్న నార్మన్ మొహం చూపిస్తే ఒళ్లు జలదరిస్తుంది. కాబట్టి కారణం చెప్పినంత మాత్రాన భయం పోదు.

భయం ఎక్కడ పోతుందో తెలియాలంటే ఒక కాగితం తీసుకోండి. ప్రీక్వెల్‌లో ఆ పిల్లాడి చేతిలో చచ్చినవాళ్ల పేర్లన్నీ వరసగా రాయండి. ప్రతి పేరుకీ ఎదురుగా, వాడు చావడానికి ముందు చేసిన పాపం రాయండి. ఎదురుగడి ఒక్కటి కూడా ఖాళీ లేకుండా నిండిపోయిందంటే సినిమా పోయినట్టే. అది కిల్లర్ కథగా మొదలై పగ కథగా మిగిలింది.

మనుషుల్ని తినే కిల్లర్ హానిబల్ లెక్టర్ చిన్నతనం చూపించే హానిబల్ రైజింగ్ (2007) మీద ఇది సరిగ్గా పనిచేస్తుంది. కథ 1944లో లిథువేనియాలో మొదలవుతుంది. లెక్టర్ కుటుంబం కోట వదిలి అడవిలోని ఇంట్లో తలదాచుకుంటుంది. విమాన దాడిలో తల్లిదండ్రులు పోతారు. మిగిలింది హానిబల్, చిన్న చెల్లి మీషా. గ్రూటాస్ ముఠా ఆ ఇంట్లోకి జొరబడుతుంది, మంచులో తిండి దొరక్క ఆ పాపను చంపి తింటుంది. ఎనిమిదేళ్ల తర్వాత హానిబల్ ఫ్రాన్స్ చేరి, వైద్యం చదువుతూ ఆ ముఠావాళ్లను ఒక్కొక్కరినీ వెతికి చంపుతాడు. ఇప్పుడు జాబితా రాయండి. మొదటివాడు కసాయి, హానిబల్‌కు ఫ్రాన్స్‌లో ఆశ్రయమిచ్చిన బంధువు మురసాకిని సంతలో అసభ్యంగా అవమానించాడు, పైగా యుద్ధంలో నాజీలతో చేతులు కలిపినవాడు. మిగతావాళ్లు చెల్లిని తిన్న ముఠా. గళ్లన్నీ నిండిపోయాయి. థియేటర్లో కూర్చున్నవాడికి "వేసెయ్" అనడం తప్ప పని లేదు.

ఇప్పుడు సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్ (1991) తీయండి. మెంఫిస్‌లో లెక్టర్ బోనులో ఉన్నప్పుడు ఇద్దరు పోలీసులు భోజనం ట్రే తెస్తారు. పద్ధతి ప్రకారం ముందు అతని చేతులకు సంకెళ్లు వేశాకే తలుపు తీస్తారు. మర్యాదగానే మాట్లాడతారు, ఆయన బొమ్మలు వేసుకున్న కాగితాల్ని చెదరకుండా పక్కకు జరుపుతారు. వాళ్లు చేసిన పాపమంటూ ఏమీ లేదు. ఆ ఇద్దరికీ ఏం జరిగిందో చూసినవాళ్లెవరూ మర్చిపోరు. రెండు గంటల సినిమాలో లెక్టర్‌గా ఆంథొనీ హాప్కిన్స్ తెర మీద ఉండేది అరగంట కూడా కాదు. అంత కొద్దిసేపట్లో అంత భయం ఎలా పుట్టిందంటే, ఆ రెండు పేర్ల ఎదురుగడి ఖాళీగా ఉండబట్టే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ సినిమాకు మూలమైన 1988 నవలలో లెక్టర్ తనంతట తానే, తనకేదో జరగడం వల్ల ఇలా తయారయ్యాననే మాటను కొట్టిపారేస్తాడు, తనను కొన్ని కారణాల మూటగా కట్టెయ్యొద్దంటాడు. ఆ పాత్రను సృష్టించిన థామస్ హారిసే 1999 నవలలో చెల్లెలి కథ కాస్త కలిపాడు, 2006 డిసెంబరులో దాన్నే పూర్తి పుస్తకం చేశాడు, సినిమాకి స్క్రీన్‌ప్లే కూడా తనే రాశాడు. రెండు నెలల్లో సినిమా విడుదలైపోయింది. నవల ముందా స్క్రీన్‌ప్లే ముందా అని అనుమానం వచ్చేంత తొందర. సినిమా హక్కులు నిర్మాత డీనో డి లారెంటిస్ చేతిలో ఉన్నాయి, హారిస్ రాయకపోతే వేరేవాళ్ల చేత రాయించేవాడే. సొంత పాత్ర అన్న మాటనే రచయిత కాదనాల్సి రావడం, అదీ నిర్మాత గడియారం ప్రకారం రావడం, ఈ రకం సినిమాల జబ్బు.

ఇక హాలోవీన్. మైకేల్ మయర్స్ అనే ఒకే పిల్లాడి బాల్యాన్ని రెండు సినిమాలు రెండు రకాలుగా చూపించాయి కాబట్టి పోల్చడానికి ఇంతకన్నా మంచి జత దొరకదు.

జాన్ కార్పెంటర్ 1978లో బాల్యానికి ఇచ్చింది ఐదు నిమిషాల లోపే. 1963, పిల్లలు వేషాలు వేసుకుని తిరిగే హాలోవీన్ పండగ రాత్రి. కెమెరానే పిల్లాడి కళ్లు. వీధిలోంచి ఇంటి వైపు నడుస్తుంది. పక్క కిటికీలోంచి చూస్తే సోఫాలో అక్క జూడిత్, ఆమె ప్రియుడు. వాళ్లు మేడెక్కుతారు, పైగదిలో లైటు ఆరుతుంది. కెమెరా వెనక్కి తిరిగి వంటింటి తలుపులోంచి లోపలికెళుతుంది. చెయ్యి ఒకటి తెరలోకొచ్చి సొరుగు లాగి కత్తి తీస్తుంది. చొక్కా తొడుక్కుంటూ ప్రియుడు మెట్లు దిగి వెళ్లిపోయేదాకా కెమెరా ఆగుతుంది. తర్వాత మెట్లెక్కుతుంది. నేల మీద పడున్న జోకర్ మాస్కును చెయ్యి తీసుకుంటుంది. అక్కడి నుంచి తెరంతా నలుపు, మధ్యలో రెండు కంటి రంధ్రాలు. వాటిలోంచే అద్దం ముందు తల దువ్వుకుంటున్న అక్కను చూస్తాం. ఆమె తిరిగి "మైకేల్!" అంటుంది. ఆ పిలుపులో ఉన్నది భయం కూడా కాదు, తమ్ముడి మీద చిరాకు. పొడిచేటప్పుడు చూపు కాసేపు ఆమె మీద ఉండదు, లేచి దిగుతున్న తన కత్తి వైపే వెళుతుంది. కింద కారు ఆగుతుంది, ఎవరో మాస్కు లాగుతారు. ఆరేళ్ల పిల్లాడు, జోకర్ దుస్తులు, చేతిలో నెత్తురు కత్తి. తల్లిదండ్రులు పక్కన బొమ్మల్లా నిలబడిపోతారు. కెమెరా పైకి, వెనక్కి పోతుంది. అయిపోయింది.

పనితనం గమనించండి. మనం ఆ పిల్లాడి కళ్లలో కూర్చునే ఉన్నాం, అయినా వాడి మనసులోది ఒక్క ముక్క తెలియలేదు. మామూలుగా ఒక పాత్ర చూపులోంచి చూపిస్తే దగ్గరితనం పెరుగుతుంది, ఇక్కడ అదే షాట్‌తో దూరం పెంచాడు. మొహాన్ని చివరికి దాచిపెట్టడమే కీలకం. మధ్యలో ఒక్క కటింగ్‌లో పిల్లాడి మొహం చూపించినా మొత్తం కూలిపోయేది. అది ఒకే షాట్‌లా అనిపిస్తుంది కానీ మాస్కు తొడిగే చోట నలుపులో అతుకు ఉంది. తెర మీద కనిపించే ఆ చెయ్యి కూడా పిల్లాడిది కాదు, సహ రచయిత, నిర్మాత డెబ్రా హిల్‌ది. ఖర్చు కోణంలోనూ ఇది తెలివైన పని. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం 6 నుంచి 9 ఏళ్ల పిల్లలు బడి ఉన్న రోజుల్లో సెట్లో నటించగలిగేది 4 గంటలే. బాల్యం మీద సగం సినిమా పెట్టుకున్న దర్శకుడు ఆ గంటల కోసం షెడ్యూలంతా వంచుకోవాలి. కార్పెంటర్‌కు ఆ పిల్లాడు అవసరమైంది చివరి షాట్‌కే.

రాబ్ జాంబీ 2007లో అదే కథను విప్పి పరిచాడు. పదేళ్ల మైకేల్, తాగి తిట్టే సవతి తండ్రి, క్లబ్బులో బట్టలు విప్పి ఆడి ఇల్లు నడిపే తల్లి, బడిలో ఏడిపించే తోటివాడు, సంచిలో చచ్చిన జంతువులు. జాబితా రాయండి. ఏడిపించినవాడు, సవతి తండ్రి, అక్క ప్రియుడు, పండగ రాత్రి తమ్ముణ్ణి బయటికి తీసుకెళ్లనన్న అక్క. పిచ్చాసుపత్రిలో చనిపోయే నర్సు కూడా చావబోయే ముందు పిల్లాణ్ణి పొడిచేలా ఓ మాట అంటుంది. నర్సు పేరుకు కూడా గడి ఖాళీ వదలకూడదని ఎంత తాపత్రయమో! అదే సినిమాలో ఒకే ఒక్క చోట వెన్ను చల్లబడుతుంది. ఏళ్ల తరబడి మైకేల్‌తో దయగా మసిలిన ఆసుపత్రి ఉద్యోగి ఇస్మాయెల్ (డానీ ట్రెహో) "నీతో మంచిగా ఉన్నాను కదా" అని వేడుకుంటూ చచ్చే చోట. ఆ గడి ఖాళీ.

సంచిలో చచ్చిన జంతువుల సంగతి వచ్చింది కాబట్టి ఒక ఫిర్యాదు. పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువుల్ని హింసించడం, ఈ మూడూ ఉంటే పెద్దయ్యాక కిల్లరవుతాడని స్క్రీన్‌ప్లే రాసేవాళ్లు పంచాంగంలా నమ్ముతారు. దాని మూలం జె. ఎం. మెక్‌డొనాల్డ్ అనే మనోవైద్యుడు 1963లో రాసిన వ్యాసం (కార్పెంటర్ కథ మొదలయ్యే సంవత్సరమే, కాకతాళీయం). ఆయన చూసిన 100 మంది రోగులు చంపినవాళ్లు కాదు, చంపుతామని బెదిరించినవాళ్లు. ఆ సన్నటి ఆధారం మీద ఇన్ని దశాబ్దాలుగా సినిమాల్లో కుక్కలూ ఎలుకలూ చస్తున్నాయి. పిల్లాడి చేతిలో చచ్చిన జంతువు కనిపించిందంటే రచయితకు ఆ పేజీలో రాయడానికి ఏమీ దొరకలేదని అర్థం.

రెండో ఫిర్యాదు వస్తువుల జన్మపత్రికలు. హానిబల్ రైజింగ్‌లో కుర్రాడు సమురాయ్ కవచంలోని మూతి ముసుగు తీసి పెట్టుకుంటాడు, 1991 సినిమాలో లెక్టర్ మూతికి కట్టిన మాస్కు గుర్తు రావాలని. అసలు ఆ మాస్కు లెక్టర్ ఎంచుకున్నది కానే కాదు, కరవకుండా అధికారులు కట్టింది! దానికి బాల్యంలో మూలం దేనికి? హాలోవీన్‌లోనూ అంతే. 1978లో పెద్ద మైకేల్ మాస్కు ఎక్కడిదంటే, ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో దొంగతనం జరిగింది, మాస్కు, తాడు, కత్తులు పోయాయి అని షెరీఫ్ ఒక్క మాటలో చెప్పేస్తాడు. నిజంలో అది స్టార్ ట్రెక్ కెప్టెన్ కర్క్ మాస్కు, కంటి రంధ్రాలు పెద్దవి చేసి తెల్లరంగు కొట్టారు. 2007లో అదే మాస్కుకు అక్క ప్రియుడు, పడగ్గది, నేల చెక్కల కింద దాచడం అంటూ పెద్ద చరిత్ర. దుకాణంలో దొరికే వస్తువు అన్నదే అందులోని భయం, అది కాస్తా పోయింది.

టెక్సాస్ చైన్‌సా మాసకర్ సినిమాల్లో రంపంతో చంపేవాడి బాల్యం మీద 2017లో వచ్చిన లెదర్‌ఫేస్ వేరే దారి పట్టింది. పిచ్చాసుపత్రి నుంచి పారిపోయిన కుర్రాళ్లలో ఎవడు ఆ రంపంవాడవుతాడో దాచిపెట్టి ఊహించమంది. భారీగా, మాటల్లేకుండా ఉన్నవాడే అనుకుంటాం, తీరా చూస్తే బుద్ధిమంతుడిలా కనిపించిన ఇంకొకడు. పొడుపుకథగా పర్వాలేదు. తేలిందాకా చూపించిన కుర్రాడికీ తేలాక మిగిలినవాడికీ మధ్య అతుకు మాత్రం పడలేదు.

బాగా వచ్చినవాటికి ఒక పోలిక ఉంది. వాటిలో పిల్లాడికి సమానమైన బరువున్న మనిషి ఇంట్లో ఇంకొకరు ఉంటారు, "పిల్లాడికేమైంది" అన్న ప్రశ్న పక్కకు జరుగుతుంది. బేట్స్ మోటెల్ (2013-2017, 50 ఎపిసోడ్లు) అనే టీవీ సీరియల్ నిలబడింది నార్మన్ బేట్స్ తల్లి నార్మా వల్ల. వీరా ఫార్మిగా ఆమెను రాక్షసిగా ఆడలేదు. కొడుకంటే ప్రాణం, నోటికొచ్చిన అబద్ధం, మరుక్షణం నవ్వు, అన్నీ ఒకే మనిషిలో. ఆర్ఫన్: ఫస్ట్ కిల్ (2022) ఇంకా తెగించింది. చిన్నపిల్లలా కనిపించే పెద్దావిడ, కిల్లర్ ఎస్తర్ తప్పిపోయిన కూతురినంటూ ఒక ఇంట్లో చేరుతుంది, తీరా ఆ ఇంటి తల్లి ఈమెకేం తీసిపోదని తేలుతుంది. అసలు కూతురు ఏమైందో తల్లికి మొదటి నుంచీ తెలుసు. ఎస్తర్‌కు కొత్త గాయం ఏదీ ఇవ్వకుండా కొత్త ప్రత్యర్థినిచ్చారు. పనితనమూ ముచ్చటేస్తుంది. 2009 సినిమాలో పిల్లగా నటించిన ఇసబెల్ ఫర్మన్ పెద్దయ్యాక మళ్లీ అదే పాత్ర, ఈసారి ఇంకా చిన్న ఎస్తర్‌గా! వెనక నుంచి తీసిన షాట్లలో నిజం పిల్లలు, ఎదురు షాట్లలో ఆమె మొహం, పక్క నటులకు ఎత్తు మడమల బూట్లు. చూస్తుంటే ఒక్కోచోట దొరికిపోతుంది, కథకు అడ్డం రాదు.

ఎవరూ పట్టించుకోనిది సైకో 4: ది బిగినింగ్ (1990). టీవీ కోసం తీసింది, మూల సైకో స్క్రీన్‌ప్లే రాసిన జోసెఫ్ స్టెఫానోదే ఇదీ. తల్లిని చంపినవాళ్ల మీద రేడియోలో కార్యక్రమం నడుస్తుంటుంది, పెద్ద నార్మన్ (1960లో ఆడిన ఆంథొనీ పెర్కిన్సే) వంటింట్లోంచి ఫోన్ చేస్తాడు. ఇప్పుడతనికి పెళ్లయింది, భార్య కడుపుతో ఉంది. తన నెత్తురు బిడ్డకు వస్తుందేమోనన్నది అతని భయం. బాల్యమంతా ఆ ఫోన్ సంభాషణకు జవాబుగా వస్తుంది కాబట్టి ప్రతి ఫ్లాష్‌బ్యాక్‌కీ ఇవాళ్టి అవసరం ఒకటి ఉంటుంది. చిన్న నార్మన్‌గా హెన్రీ థామస్, తల్లిగా ఒలీవియా హస్సీ. ఆమెను అందంగా, సరదాగా, ఊహించలేనట్టుగా రాశారు. 1960లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన స్ట్రిక్‌నిన్ విషం ఇక్కడ పని చేస్తుంది. ఒళ్లు విల్లులా వంగి, ఆగి, మళ్లీ వంగే చావు అది. దాన్ని కత్తిరించకుండా చూపిస్తారు. చూస్తున్న నార్మన్ మొహంలో పగ తీరిన జాడ ఉండదు, ఇంతసేపు పడుతుందనుకోలేదన్న కంగారు ఉంటుంది. ఆమె పేరుకు ఎదురుగా రాయడానికి బోలెడు దొరుకుతాయి, తీరా ఆ దృశ్యం చూశాక రాసినవన్నీ కొట్టెయ్యాలనిపిస్తుంది.

చూడాలనుకుంటే ముందు 1960 సైకో, తర్వాత నేరుగా నాలుగోది. మధ్య రెండూ వదిలేసినా కథ అర్థమవుతుంది.