పాత బ్యాండ్‌సా కొన్న అల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

రాంపూర్ వైపు మూతపడ్డ షెడ్డు నుంచి బ్యాండ్‌సా, అదే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో ఇనుము కోసే మిషన్, కొన్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన ఫోటోలు కూడా చూశాను. మంచి మిషనే. బెడ్డు పోత ఇనుముది, ఎక్కడా పగుళ్లు కనిపించడం లేదు. పైన పట్టిన జంగు చూసి బెంగపడకు. డీజిల్, వైర్ బ్రష్ ఉంటే అది ఒక ఆదివారం పని. పెయింటు డబ్బా మాత్రం ఇప్పుడే కొనకు. బ్యాండ్‌సా బాగుందంటే బ్లేడు తిన్నగా నడుస్తోందనే అర్థం. బ్లేడు నడకతో సంబంధం ఉన్నవన్నీ ముందు చూసుకో, మిగతావి తర్వాత.

కరెంటు ఇవ్వకముందే బ్లేడు తీసెయ్. చేతికి గ్లవుజులు, కంటికి అద్దాలు ఉండాలి. టెన్షన్ (బ్లేడు బిగువు) వదిలాక కూడా బ్లేడు చటుక్కున ఎగిరి విచ్చుకుంటుంది. ఆ తర్వాత రెండు చక్రాలనూ చేత్తో తిప్పు, పట్టుకొని ఊపు. ప్లే (ఊగులాట) ఉన్నా, గరగరమన్నా బేరింగ్ మార్చాల్సిందే. దాని నంబరు పక్కనే చెక్కి ఉంటుంది, రాసుకొని వెళితే వరంగల్‌లోనే దొరుకుతుంది.

గేర్‌బాక్సు మూత తీయడం వాయిదా వెయ్యకు. పాత మిషన్ కొన్నవాళ్లు ఎక్కువమంది దాని జోలికే పోరు, చివరికి అక్కడే దెబ్బతింటారు. లోపల స్క్రూలా మరలున్న ఉక్కు వార్మ్, దానికి ఆనుకొని కంచు చక్రం ఉంటాయి. పాత నూనెను తెల్ల పళ్లెంలోకి వంపి ఎండలో అటూ ఇటూ వంచి చూడు. నల్లగా ఉంటే భయం లేదు. బంగారు రంగు పొడి మెరుస్తూ కదిలితే కంచు అరుగుతోందన్నమాట. కొద్దిపాటి మెరుపు ఇంత పాత మిషన్‌కు మామూలే. నూనెను వేళ్ల మధ్య రుద్దినప్పుడు గరుకుగా తగిలితే మాత్రం డీజిల్‌తో కడిగి, చక్రం పళ్లు ఒక్కొక్కటీ చూడు. కొసలు వెడల్పుగా ఉంటే ఇంకా చాలా కాలం పనిచేస్తుంది. కొడవలి అంచులా సన్నబడితే కొత్తది చేయించు. హైదరాబాద్ బాలానగర్‌లో పాతదాన్ని నమూనాగా చూపిస్తే పళ్లు కోసి ఇస్తారు. మళ్లీ నూనె పోసేటప్పుడు లారీ డిఫరెన్షియల్‌కు వాడే జీఎల్-5 రకం గేరు నూనె పొయ్యకు. అందులో కలిపే గంధకం మందులు వేడికి కంచును తినే ప్రమాదం ఉంది. వార్మ్ గేర్లకు వేసే 460 గ్రేడు నూనె అని అడిగి తీసుకో.

బ్లేడు పొడవు కోసం పాతదాన్ని నమ్మకు, ఎవరో తప్పు కొలత వేయించి ఉండొచ్చు. టెన్షన్ స్లైడును మధ్యలో పెట్టి చక్రాల చుట్టూ టేపు తిప్పి కొలువు. బైమెటల్ (రెండు లోహాలు అతికిన) బ్లేడే కొను. ధర ఎక్కువే గానీ కార్బన్ బ్లేడు కన్నా ఎన్నో రెట్లు నిలుస్తుంది. పళ్ల సంగతికి ఒకటే లెక్క: కోసే మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఉండాలి. 25 మి.మీ. రాడ్డుకు అంగుళానికి 8 నుంచి 10 పళ్లు చాలు. పల్చటి పైపులకు, యాంగిళ్లకు 10/14 (అంగుళానికి 10 నుంచి 14 పళ్లు మారుతూ ఉండే) బ్లేడు వాడు. యాంగిల్‌ను వైస్‌లో బోర్లించి, మూల పైకి వచ్చేలా బిగించు. రెండు రెక్కలూ ఒకేసారి తెగుతాయి, పళ్లు రాలవు.

ఇప్పుడు గైడ్లు, అంటే బ్లేడు పక్కకు పోకుండా పట్టి ఉంచే బేరింగులు. నువ్వు ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. ముందు బ్లేడు ఎక్కించి టెన్షన్ ఇచ్చి, చేత్తో చక్రం తిప్పుతూ బ్లేడు వీపు చక్రం అంచుకు దగ్గరగా, రాసుకోకుండా నడిచేలా టెన్షన్ ఇచ్చే చక్రం వాలు సరిచెయ్. అది కుదిరాకే గైడు బేరింగులను దగ్గరికి తీసుకురా. పక్క బేరింగులు బ్లేడును తాకీ తాకనట్టు ఉండాలి. బ్లేడు ఆగి ఉన్నప్పుడు బేరింగ్‌ను వేలితో తిప్పితే బ్లేడు మీద జారుతూ తిరగాలి. తిరగనే తిరగకపోతే బిగువు ఎక్కువ, తాకకుండా తిరిగితే లూజు. ఇది వేలికే తెలుస్తుంది, ఫీలర్ గేజి అక్కర్లేదు. వీపు వెనక బేరింగ్‌కు ఒక కాగితం సందు వదులు. కోసేటప్పుడు గైడు చేతులను వీలైనంతగా ముక్క దగ్గరికి జరుపు. చిన్న రాడ్డు కోస్తూ గైడ్లను దూరంగా వదిలేస్తే ఎంత మంచి బ్లేడైనా పక్కకు పోతుంది.

కోత వంకర వస్తే ఏ వంకర అన్నది చూడు. పైనుంచి చూసినప్పుడు మూల తప్పితే వైస్‌లో కదలని దవడను మూలమట్టంతో సరిచెయ్. పైనుంచి కిందికి వాలితే గైడ్లు బ్లేడును మెలితిప్పుతున్నాయి, లేదా టెన్షన్ తగ్గింది, లేదా ఒక వైపు పళ్లు మొద్దుబారాయి. అన్నీ సరిగ్గా ఉండి ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంటే బ్లేడు మార్చు. బరువు పెంచి నొక్కితే వంకర ఇంకా పెరుగుతుంది.

స్పీడు లెక్క తేలికే. 180 మి.మీ. చక్రం నిమిషానికి 100 సార్లు తిరిగితే బ్లేడు దాదాపు 56 మీటర్లు నడుస్తుంది. మైల్డ్ స్టీలుకు అది సరిపోతుంది. స్టెయిన్‌లెస్‌కు అందులో సగం పెట్టుకో, అల్యూమినియానికి మిషన్ ఇచ్చినంత ఇవ్వు. కొత్త బ్లేడు మొదటి కోతలను మామూలు బరువులో సగంతో కొయ్, పళ్ల మొన కుదురుకుంటుంది. రజను చూస్తూ ఉండు. ఉంగరాలు తిరిగి వెండి రంగులో పడితే పని బాగుంది. పొడి రాలితే నొక్కుడు చాలలేదు, నీలం తిరిగితే ఎక్కువైంది. బ్లేడున్న ఆర్మ్‌ను దించే హైడ్రాలిక్ సిలిండర్ లీకైతే సీలు మార్చాకే కోత మొదలుపెట్టు. ఆర్మ్ ఒక్కసారిగా పడితే పళ్లు వరుసగా ఊడతాయి.

స్క్రాప్‌లో తెచ్చిన లారీ కమాను పట్టీలు, పాత షాఫ్టులు కనిపిస్తే వెంటనే వైస్‌లో పెట్టకు. ఆకురాయితో గీకి చూడు. జారిపోతే అది గట్టిపరిచిన ఉక్కు, నీ బ్లేడు ఆ ఒక్క కోతకే పోతుంది.

కోతను చల్లబరిచే కూలెంట్ కలిపేటప్పుడు నీళ్లలో నూనె పొయ్యి, నూనెలో నీళ్లు కాదు. ఒక పాలు నూనెకు 20 పాళ్లు నీళ్లు, అటూ ఇటూగా. మన ఎండాకాలంలో నీళ్లు ఆవిరై మిశ్రమం చిక్కబడుతుంది, పలచన చేస్తూ ఉండు. వాసన వస్తే మొత్తం పారబోసి తొట్టి కడుగు. వానాకాలంలో రోజూ పని అయిపోగానే బెడ్డు, వైస్ స్క్రూ తుడిచి నూనె రాయి. వారం దాకా వాడకపోతే బ్లేడు టెన్షన్ వదిలెయ్.

ఇంట్లో సింగిల్ ఫేజే కాబట్టి, త్రీఫేజ్ మోటార్ ఉంటే అదే స్పీడున్న సింగిల్ ఫేజ్ మోటార్‌కు మార్చడం సులువు. ఎర్తింగ్ తప్పనిసరి. కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ తనంతట తాను తిరగకుండా నో-వోల్ట్ స్టార్టర్ పెట్టించు. పిల్లలు తిరిగే ఇల్లు అల్లుడూ, ఇందులో రూపాయి కూడా మిగిల్చుకోవాలని చూడకు. మిషన్ నడుస్తుండగా గ్లవుజులు వద్దు. పొట్టి ముక్కను చేత్తో పట్టి కోయకు, దవడల రెండో చివర అంతే మందం ముక్క అడ్డుపెట్టి బిగించు.

మొదట కోసిన 50 మి.మీ. రాడ్డు ముక్కకు మూలమట్టం ఆనించి, వెనక వెలుతురు కనిపించేలా రెండు వైపులా ఫోటో తీసి పంపు. గైడ్లు ఎటు తిప్పాలో చూసి చెబుతాను.

నీ మేనమామ,
హనుమకొండ