ముందు ఆ ఫ్యాను ఆపు

బుజ్జీ,

జెర్సీ సిటీలో మీ బిల్డింగు వాళ్ల చేత సంతకాలు పెట్టించి, గంజాయి పొగ మీద మేనేజ్‌మెంటుకి పిటిషన్ ఇవ్వబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. ఆమె లెక్కలో గంజాయి అంటే ఎన్‌డీపీఎస్ కేసు, టీవీలో పోలీసులు బస్తాలు పేర్చి వెనక ముసుగులేసిన కుర్రాళ్లని నిలబెట్టడం. అలాంటివాళ్లతో నువ్వు తగువు పెట్టుకుంటున్నావని ఆమె భయం. నాకు మాత్రం ముందు గర్వమే కలిగింది. ముక్కు మూసుకుని లీజు అయ్యేదాకా ఓర్చుకుని, ఆనక ఇల్లు మారేవాళ్లే అందరూ. ఆ తర్వాత నాకూ భయం వేసింది, అది వేరే భయం. నీకు చిన్నప్పటి నుంచి పిల్లికూతలు. పైగా చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉన్నావు, హెచ్-1బీ వీసా ఇంకా చేతికి రాలేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. న్యూజెర్సీలో 21 ఏళ్లు నిండినవాళ్లకి గంజాయి 2021 ఫిబ్రవరిలో చట్టబద్ధమైంది, 2022 ఏప్రిల్ 21 నుంచి కొట్లో రసీదు ఇచ్చి అమ్ముతున్నారు. వాసన వచ్చిందన్న ఒక్క కారణంతో పోలీసులు సోదా చేయడానికి లేదు. అంచేత పోలీసుల్ని పిలిచే 911 జోలికి పోకు. కాకపోతే సిగరెట్ తాగకూడని చోట ఇదీ తాగకూడదు. లాబీ లాంటి ఉమ్మడి జాగాలు 2006 నాటి పొగరహిత చట్టం కిందికి వస్తాయి. ఎవరి ఫ్లాటులో వాళ్లు తాగొచ్చా అన్నది లీజు తేలుస్తుంది, అద్దె ఇంట్లో యజమాని వద్దనవచ్చు. నీ లీజులో స్మోకింగ్ గురించి ఏం రాశారో ఇవాళే చదువు. వీధిలో పేవ్‌మెంటు మీద వచ్చే వాసన గురించి మాత్రం బుర్ర పాడుచేసుకోకు, దాటి నడిచిపో.

ఇప్పుడు అసలు విషయం. వాసన పోవాలని బాత్రూం ఫ్యాను పగలూ రాత్రీ వేసి ఉంచుతున్నావట! చదువుకున్న పిల్లవి. ఇక్కడికొచ్చిన ప్రతివాళ్లూ చేసే తప్పే ఇది. చేసి, వాసన ఇంకా పెరిగిందని పక్కవాళ్లని తిట్టుకుంటారు.

లెక్క చూడు. మామూలు బాత్రూం ఫ్యాను నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలిని బయటికి తోస్తుంది. నీ ఫ్లాటు 600 చదరపు అడుగులు, సీలింగు ఎత్తు 8 అడుగులు అనుకుంటే లోపల 4,800 ఘనపుటడుగుల గాలి. అంటే గంటా 36 నిమిషాలకోసారి ఇంట్లో ఉన్నంత గాలీ బయటికి పోతోంది, రోజుకి 15 సార్లు. పోయినంతా మళ్లీ ఎక్కడి నుంచో రావాలి కదా? జనవరిలో కిటికీలన్నీ బిగించి కూర్చున్నావు. ఇక మిగిలిన దారులు సింకు కింద పైపు చుట్టూ ఉన్న ఖాళీ, హీటర్ పైపు నేలలోంచి వచ్చే చోటు, ప్లగ్ పాయింట్లు, కారిడార్ తలుపు కింది సందు. వాటి అవతల ఉన్నది పక్కవాళ్ల గాలి. ఆ పొగని నీ కరెంటుతో నువ్వే లాగి తెచ్చుకుంటున్నావు.

పోపు పెట్టిన రోజున వాసన ఎక్కువగా ఉంటోందని కూడా అన్నావట. ఇంగువకీ దానికీ సంబంధం లేదు, హుడ్డుకి ఉంది. పొయ్యి మీది హుడ్డు గాలిని నిజంగా బయటికి పంపే రకం అయితే నిమిషానికి 200 నుంచి 400 ఘనపుటడుగులు లాగుతుంది. బాత్రూం ఫ్యానుకి కనీసం నాలుగింతలు. పోపు వేసేటప్పుడు వంటింటి కిటికీ రెండంగుళాలు తెరిచి, ఆ తర్వాతే హుడ్డు వెయ్యి. బాత్రూం ఫ్యాను స్నానం అయ్యాక ఇరవై నిమిషాలు చాలు, అప్పుడూ ఎక్కడో ఒక కిటికీ సందు ఉండాలి. వేణ్నీళ్ల ట్యాంకు గ్యాసుదై ఫ్లాటులోనే ఉంటే మరీ జాగ్రత్త. ఇల్లు అలా లాగుతూ ఉంటే దాని గొట్టంలోంచి పోవాల్సిన పొగ వెనక్కి తిరగొచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడు.

చలికాలంలో ఇంకో తంటా ఉంది. బిల్డింగులోని వెచ్చటి గాలి పైకి లేస్తుంది. కింది అంతస్తుల్లోకి బయటి చలిగాలి చొరబడుతుంది, పై అంతస్తుల నుంచి లోపలి గాలి బయటికి పోతుంది. ఆరంతస్తుల్లో నాలుగోది నీది, కాబట్టి ఈ నెలల్లో కింద తాగింది పైపుల గొట్టం వెంట పైకొచ్చి నీకు తగులుతుంది. ఎండాకాలంలో ఏసీలు వేసినప్పుడు ఇది తిరగబడవచ్చు. అందుకే ‘డిసెంబరు నుంచే మొదలైంది’ అంటే ఎవరో కొత్తగా దిగారని అర్థం కాదు.

ఫ్యాను ఆపినా బాత్రూంలో వాసన వస్తోందా? టాయిలెట్ పేపరు ముక్క ఒకటి ఫ్యాను జాలీకి రెండంగుళాల దూరంలో పట్టుకో. కాగితం నీ వైపుకి ఊగితే గొట్టంలోంచి గాలి లోపలికొస్తోంది. నిలువునా అన్ని ఫ్లాట్లకీ ఒకే గొట్టం ఉండి, గాలి వెనక్కి రాకుండా ఆపే రేకు మూత ఇరుక్కుపోయినా, అసలు పెట్టకపోయినా అలా అవుతుంది. దాన్ని బ్యాక్‌డ్రాఫ్ట్ డ్యాంపర్ అంటారు. ఆ మాట వాడి మెయింటెనెన్స్ రిక్వెస్టు పెట్టు. ఫ్యాను ఆపి ఉన్నా కాగితం జాలీకి అతుక్కుపోతోందంటే పైకప్పు మీద పెద్ద ఫ్యాను ఎప్పుడూ లాగుతోందన్నమాట, అది నీ చేతిలో లేదు. ఏదైనా సరే జాలీకి టేపు మాత్రం వేయకు. నెల తిరక్కుండా గోడలకి బూజు పడుతుంది, నీకు ఊపిరాడదు.

సందులు వెతకడానికి అగరుబత్తి చాలు. కిటికీలు మూసి, ఈ ఒక్కసారికి బాత్రూం ఫ్యాను వేసి, వెలిగించిన బత్తిని సందుల దగ్గర మెల్లగా నడిపించు: సింకు కింద, పొయ్యి వెనక, గోడ అడుగు చెక్కపట్టీ, హీటర్ పైపు, ప్లగ్ పాయింట్లు, తలుపు అడుగు. పొగ ఎక్కడ గది వైపు వంగితే అక్కడో టేపు ముక్క అంటించు. స్మోక్ డిటెక్టరుకీ కర్టెన్లకీ దూరంగా ఉండు. పని అయ్యాక బత్తి ఆర్పెయ్యి. వాసన కప్పడానికి అగరుబత్తులూ సాంబ్రాణీ వేశావంటే ఉన్న పొగకి ఇంకో పొగ తోడవుతుంది, అంతే.

గంజాయి ఘాటుకి పెద్ద కారణం గంధకం కలిసిన సమ్మేళనాలు. వెల్లుల్లి ఘాటూ ఆ బాపతే. చాలా కొద్ది మోతాదుకే ముక్కు పట్టేస్తుంది కాబట్టి పెన్సిలు పట్టే సందైనా వదలకూడదు. ప్లగ్ పాయింట్ల ప్లేటు వెనక పెట్టే ఫోమ్ ముక్కలు ప్యాకెట్లుగా దొరుకుతాయి. బ్రేకర్ ఆపి, స్క్రూ తీసి, ముక్క పెట్టి బిగించడమే. చెక్కపట్టీ సందుకి యాక్రిలిక్ లేటెక్స్ కాల్క్, అంటే సందులు పూడ్చే మెత్తటి లప్పం, ట్యూబు ఒకటి కొను, ముందు మేనేజ్‌మెంటుకి ఒక మెయిల్ పెట్టి సరే అనిపించుకో. పైపులు గోడలోంచి, నేలలోంచి దూరే చోట మాత్రం నువ్వు చెయ్యి పెట్టకు. అక్కడ కొట్టే మామూలు ఫోమ్ మంట అంటుకుంటే కాలుతుంది. అక్కడికి కావలసింది ఫైర్‌స్టాప్ సీలెంట్, అది వేయించాల్సింది వాళ్లు. కారిడార్ తలుపు కూడా మంటని ఆపే తలుపే, దానికి మేకులూ స్క్రూలూ కొట్టకు.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనేటప్పుడు ‘హెపా’ అన్న మాట ఒక్కటే చూసి మోసపోకు. హెపా పొగలోని నలుసుల్ని పడుతుంది, వాసనని పట్టదు. వాసనకి దాన్ని పీల్చుకునే బొగ్గు, యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అదీ కిలోల్లో. నల్లరంగు పూసిన పల్చటి గుడ్డలాంటి ఫిల్టరు కొన్ని వారాలకే చేతులెత్తేస్తుంది. సైజుకి ఒక లెక్కుంది: నిమిషానికి ఎంత గాలిని శుభ్రం చేస్తుందో చెప్పే సీఏడీఆర్‌లో పొగకి ఇచ్చిన అంకె గది చదరపు అడుగుల్లో మూడింట రెండు వంతులైనా ఉండాలి. 150 చదరపు అడుగుల పడగ్గదికి 100. రాత్రి తలుపు మూసుకుని అక్కడే నడుపు.

ఇక ఓజోన్ మెషిన్ ఆర్డర్ చేద్దామనుకుంటున్నావట. వద్దే తల్లీ. పిల్లికూతలున్నవాళ్లకి అది విషంతో సమానం. వాసనని విరగ్గొట్టాలంటే మనిషి పీల్చకూడనంత ఓజోన్ గదిలో నిండాలి, తక్కువ వదిలితే పని చేయదు, ఎక్కువ వదిలితే నీ ఊపిరితిత్తుల్ని కొరుకుతుంది. ఆర్డర్ పెట్టి ఉంటే ఇప్పుడే క్యాన్సిల్ చెయ్యి. ఇన్‌హేలర్ ఎక్స్‌పైరీ తేదీ చూశావా? దిండు పక్కనే పెట్టుకో. డాక్టరు చేత ఆస్తమా ఉన్నట్టు ఒక లెటరు రాయించుకో. ఇళ్ల విషయంలో వివక్ష కూడదనే ఫెయిర్ హౌసింగ్ చట్టాల కింద వేరే ఫ్లాటుకి మార్చమని అడగాల్సి వస్తే దాని బలం సంతకాల కన్నా ఎక్కువ.

మూడు వారాలు ఒక పుస్తకంలో రాయి: తేదీ, మొదలైన టైము, ఎంతసేపు, ఏ గది, ఫ్యాను వేసి ఉందా, కిటికీ తెరిచి ఉందా, ఘాటు ఒకటా రెండా మూడా. ‘ఎప్పుడూ కంపే’ అని రాస్తే మేనేజరు పక్కన పడేస్తాడు. ‘11:40 నుంచి 12:15, సింకు కింద, 3’ అంటే ఎవర్నో ఒకర్ని పంపాల్సిందే.

ఫ్లాటు నెంబరు మాత్రం రాయకు. పైపుల గొట్టం వెంట రెండంతస్తుల కింది నుంచి కూడా రావచ్చు, పక్కవాళ్లు ఏ పాపమూ ఎరగకపోవచ్చు. వాలకం చూసి, రంగు చూసి ‘వీళ్లే’ అని మనవాళ్లు తేల్చేస్తారు. వెతికితే ఆ పొగ ముగ్గురు తెలుగు కుర్రాళ్లు కలిసి ఉంటున్న రూములోంచే వస్తుండొచ్చు, అప్పుడేం చేస్తారు? తాగేవాళ్లు డాక్టరు రాసిచ్చిన కార్డున్న రోగి కూడా కావచ్చు. అందుకని రాత్రిపూట ఎవరి తలుపూ తట్టకు, వీడియోలు తీయకు.

పిటిషన్‌లో గంజాయి ఒక్కదాన్నే పట్టుకోకు. ‘సిగరెట్, గంజాయి, వేప్: ఏ పొగైనా ఫ్లాట్లలో, బాల్కనీల్లో వద్దు’ అని రాస్తే పసిపిల్లల తల్లులూ ముసలివాళ్లూ సంతకం పెడతారు. ఉన్న లీజు నడుస్తుండగా మధ్యలో మార్చమంటే కుదరదు, ఒక్కొక్కరి రెన్యువల్‌లో చేర్చాలి. అంటే బిల్డింగంతటికీ వర్తించేసరికి ఏడాది పడుతుంది. దాంతోపాటు వెంటనే చేయగలిగినవి రెండు అడుగు: పైపుల చుట్టూ ఫైర్‌స్టాప్, డ్యాంపర్ల తనిఖీ. తాగేవాడు రేపు మానకపోయినా ఈ రెండూ నిన్ను కాస్తాయి.

అద్దె ఆపేయమని వాట్సాప్ గ్రూపుల్లో సలహా ఇస్తారు. 1970లో మరినీ వర్సెస్ ఐర్లండ్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు బాగుచేయించిన ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చంది నిజమే, కానీ అది టాయిలెట్ రిపేరు కేసు. పక్కింటి పొగకి అది వర్తిస్తుందో లేదో కోర్టుకెక్కి నువ్వే తేల్చుకోవాలి. లాయరు చెప్పకుండా అద్దె ఒక్క నెల కూడా ఆపకు. ఇల్లు ఖాళీ చేయించే ఎవిక్షన్ కేసు పడితే రేపు ఇంకో చోట ఇల్లివ్వరు.

కంప్లయింటు చేస్తే వీసాకి ఏమీ కాదు, ఆ భయం పెట్టుకోకు. నా భయం వేరు. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదు, ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. కేసు లేకపోయినా, ‘ఒకసారి తాగాను’ అని ఆఫీసరు ముందు ఒప్పుకున్నా గ్రీన్‌కార్డు దాకా చిక్కే. చట్టబద్ధమైన రాష్ట్రంలో తాగినా ఇది అడ్డేనని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ పౌరసత్వం దరఖాస్తుల గురించి స్పష్టంగా చెప్పింది. ఫ్రెండ్స్ గంజాయి కలిపిన గమ్మీ మిఠాయిలు ఇస్తే వద్దను, గంజాయి కొట్టు ముందు ఫొటోలు దిగకు, ఆ కంపెనీల్లో ఉద్యోగం వస్తే ఇమిగ్రేషన్ లాయర్ని అడక్కుండా చేరకు.

పీల్చిన పొగకే డ్రగ్ టెస్టులో దొరికిపోతావేమోనని మీ అమ్మ బెంగ. జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 2015లో ప్రచురించిన పరీక్షలో ఆరుగురు తాగేవాళ్లతో పాటు తాగనివాళ్లని గాలాడని గదిలో గంటసేపు కూర్చోబెట్టారు. అంత చేసినా మూత్ర పరీక్షలో మామూలు హద్దు, మిల్లీలీటరుకి 50 నానోగ్రాములు, తాగనివాళ్లు దాటడం అరుదు, గాలి ఆడే గదిలో ఎవరూ దాటలేదు. గోడ సందులోంచి వచ్చేది ఆ లెక్కలోకే రాదు. ఇది నువ్వే ఫోన్ చేసి ఆమెకి చెప్పు, నేను చెబితే నమ్మదు.

మేనేజ్‌మెంటుకి పెట్టే మెయిల్ ముందు నాకు పంపు, కోపంతో రాసిన మాటలు తీసేస్తాను. ఆదివారం అగరుబత్తి పని కానిచ్చి సింకు కింద ఫొటోలు తీసి పంపు. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వెయ్యి, లేకపోతే పైపు చుట్టూ ఉన్న ఖాళీ ఫొటోలో కనపడదు.

మీ పెద్దమ్మ