ముగ్గురే ఉంటే పెటాంక్ ఎలా ఆడాలి?

పెటాంక్ అంటే గురిగా ఉంచిన చిన్న కర్రబంతికి వీలైనంత దగ్గరగా లోహపు బంతులు విసిరే ఆట. మీరు అడిగింది రెండు విషయాలు: ముగ్గురిలో తర్వాతి వంతు ఎవరిది, లెక్క ఎలా వేయాలి. పెటాంక్‌లో పాయింటు చేతిలో లేని జట్టు, అంటే కర్రబంతికి అతి దగ్గరి బంతి తమది కాని జట్టు, విసరాలి కదా. ముగ్గురు ఆడితే పాయింటు లేనివాళ్లు ఇద్దరుంటారు, చిక్కంతా అక్కడే.

ముందు ముగ్గురూ ఒక్కో బంతి విసరండి. ఆ తర్వాత చిన్న కర్రబంతికి ఎవరి మెరుగైన బంతి అందరికన్నా దూరంగా ఉందో, వాళ్లదే వంతు. ప్రతి విసురు తర్వాతా మళ్లీ చూడండి. ఉదాహరణకు రవి దగ్గర, సీత మధ్యలో, గోపి చివర. గోపి విసిరి సీతని దాటేస్తే, ఇప్పుడు సీత విసరాలి. గోపి రవినే దాటేసినా మళ్లీ సీతే, ఎందుకంటే ఆమే చివర. బంతులైపోయినవాళ్లని వదిలేసి మిగిలినవాళ్లలో దూరంగా ఉన్నవాళ్లు ఆడతారు. కంటికి తేల్చలేకపోతే టేపు తీయండి, వాదించొద్దు!

మీ సెట్‌లో 6 బంతులే అన్నారు కాబట్టి తలా 2. బంతుల మీది గీతలు చూసి ఏవి ఎవరివో గుర్తుపెట్టుకోండి. రౌండు ముగిశాక అందరికన్నా దగ్గరున్నవాళ్లకే పాయింట్లు: మిగతా ఇద్దరి బంతుల్లో అతి దగ్గరదానికన్నా ఇంకా దగ్గరున్న తమ బంతులన్నీ లెక్క. తలా 2 కాబట్టి రౌండుకి 2 మించవు, గెలుపుకి కావాల్సిన 13 పాయింట్ల దాకా ఆట చాలాసేపు సాగుతుంది. పిల్లలుంటే 7కి ఆపడం మంచిదని నా సలహా.

ఇద్దరు కలిసి ముందున్నవాళ్ల బంతినే కొడుతున్నారని మీ బాధ. అది ఈ ఆటలో సహజం, నిషేధించొద్దు. అస్సలు నచ్చకపోతే 12 బంతులు సమకూర్చుకోండి: ఒంటరిగా ఆడే ఒకరికి 6, ఎదుట జట్టుగా ఆడే ఇద్దరికీ తలా 3. ఆట ఆటకీ ఒంటరి ఆటగాణ్ణి మార్చండి. విసిరే చోటు నుంచి కర్రబంతికి దూరం మాత్రం మామూలే, 6 నుంచి 10 మీటర్లు.