‘ఎక్కడి దాకా అండీ?’ – జంటగా రైలు ప్రయాణం, పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే దారి గురించి: విజయవాడ నుంచి హోస్పేట దిగి హంపి, అక్కడి నుంచి గోవా, కొంకణ్ మార్గంలో గోకర్ణ, మంగళూరు. మనుషులు ఇద్దరు, వీపున చెరో సంచి, చేతిలో పది పన్నెండు రోజుల సెలవు. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒక్కచోట చేర్చాం.

ప్రశ్న: నవంబరు 30న విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలని మా ఆలోచన. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారంటున్నారు. అక్టోబరు 1న చూద్దామనుకున్నాం. ‘ఒకరోజు ఆలస్యం చేశారు’ అని స్నేహితులు అంటున్నారు. ఎవరి లెక్క సరి? – విజయవాడ నుంచి ఓ జంట

జవాబు: మీ స్నేహితుల లెక్కే సరి. 60 రోజులు లెక్కపెట్టాల్సింది మీరు ఎక్కే తేదీ నుంచి కాదు, రైలు మొదటి స్టేషన్లో బయల్దేరే తేదీ నుంచి. గోవా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ బెంగాల్లో బయల్దేరి మరునాడు మీ ఊరికి వస్తుంది. 30న మీరు ఎక్కే బండి 29నే బయల్దేరి ఉంటుంది కాబట్టి టికెట్లు సెప్టెంబరు 30 ఉదయం 8 గంటలకే తెరుచుకుంటాయి. తత్కాల్‌కూ ఇదే సూత్రం. రైలు బయల్దేరే రోజుకు ముందురోజు, ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కు 11కి. ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి, ఆ పని నెల ముందే ముగించుకోండి.

ఇద్దరికీ ఒకే పీఎన్‌ఆర్ మీద టికెట్ తీసుకోండి. చాలామంది చెరో ఫోన్లో చెరొకటి తీస్తుంటారు, తేడా చార్టు పడ్డాక తెలుస్తుంది. వేర్వేరు పీఎన్‌ఆర్లయితే ఒకరిది ఖరారై, వెయిటింగ్‌లో ఉండిపోయిన రెండోవారి ఈ-టికెట్ దానంతటదే రద్దయిపోతుంది. ఒకే పీఎన్‌ఆర్‌లో ఒకరికైనా బెర్తు వస్తే రెండోవారి పేరు చార్టులోంచి పోదు, బండి ఎక్కవచ్చు. బెర్తు ఒక్కటే ఉంటుంది, అంతే.

వెయిటింగ్ అంకె చూసే ముందు దాని పక్కనున్న అక్షరాలు చూడండి. జీఎన్‌డబ్ల్యూఎల్ (సాధారణ వెయిటింగ్ జాబితా) అయితే ఆశ పెట్టుకోవచ్చు. ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్ మధ్య స్టేషన్ల కోటాలు. వాటిలో బెర్తులే తక్కువ కాబట్టి వెయిటింగ్ 15 కూడా కదలకపోవచ్చు.

టికెట్లన్నీ ఒకేసారి తీసుకోవద్దు. రాత్రి ప్రయాణాలకు మాత్రం ముందే కొనండి. గోవాలోని మడ్‌గావ్ నుంచి మంగళూరు వైపు పగటిపూట వెళ్లే మెము బండికి అప్పటికప్పుడు జనరల్ టికెట్ చాలు. గోకర్ణలో ఒకరోజు ఎక్కువ ఉండాలనిపించినా డబ్బు పోదు.

ప్రశ్న: తోటి ప్రయాణికులతో కలిసిపోవాలని మా ఆశ. మావారు సైడ్ బెర్తులు రెండూ తీసుకుందామంటారు. నాకేమో అక్కడ కూర్చుంటే విడిగా ఉన్నట్టనిపిస్తుంది. – తెనాలి పాఠకురాలు

జవాబు: మా ఓటు మీకే. స్లీపర్లోనూ థర్డ్ ఏసీలోనూ ఒక్కో అరలో ఎనిమిది బెర్తులు. మీ బెర్తు నంబరును 8తో భాగించండి. 1 లేదా 4 మిగిలితే లోయర్, 2 లేదా 5 మిగిలితే మిడిల్, 3 లేదా 6 అయితే అప్పర్. 7 మిగిలితే సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. ఉదాహరణకు 31, 32 సైడ్ జంట.

సైడ్ జంటలో ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవచ్చు, కిటికీ మీదే. కానీ నడవా అడ్డం. వచ్చేపోయే జనం, చాయ్ బకెట్లు మధ్యలోంచే సాగుతుంటాయి, మాట అవతలికి అందదు. పైగా సైడ్ బెర్తు పొడవు తక్కువ, ఆరడుగులకు దగ్గరగా ఉన్నవారికి మోకాళ్లు మడిచే పడుకోవాల్సి వస్తుంది. లోయర్, మిడిల్ ఒకే వైపు దొరికితే ఆరుగురి మధ్యలో ఉంటారు. పగలంతా కింది సీటు మీద ముగ్గురు, ఎదురుగా ముగ్గురు. మాటలు కలవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒక్కటి గుర్తుంచుకోండి. పడుకునే వేళ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే. మిడిల్ బెర్తు మీదైతే ఎనిమిదింటికే గొలుసులు తగిలించి ఎత్తేయకండి. కిందివాళ్లు మెడ వంచుకుని కూర్చోవాలి, ఆ అరలో స్నేహం అక్కడితో సరి. మిడిల్‌లో పెద్దవాళ్లుంటే మీ లోయర్ మీరే ముందుగా ఇవ్వజూపండి.

ఆర్‌ఏసీ వచ్చిందని దిగులు పడొద్దు. ఒక సైడ్ లోయర్‌ను ఇద్దరు పంచుకోవాలి. ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్న జంటకు చాలాసార్లు ఆ ఇద్దరూ మీరే అవుతారు.

ప్రశ్న: మా అత్తగారు ఒకటే మాట: ‘రైల్లో ఎవరేమిచ్చినా నోట్లో పెట్టుకోకు.’ మత్తు బిస్కెట్ల వార్తలు నేనూ చదివాను. కానీ ఎదుటివాళ్లు ప్రేమగా ఇస్తే ఎలా కాదనడం? – రాజమండ్రి పాఠకురాలు

జవాబు: మీ అత్తగారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. రైల్వే పోలీసులు ఏళ్ల తరబడి చేస్తున్న హెచ్చరికే అది. ఆ మోసం ఎలా జరుగుతుందో తెలిస్తే దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తేలుతుంది. మత్తుమందు కలిపేది ముందే విప్పిన లేదా సూదితో పొడవగలిగిన వాటిలో: బిస్కెట్లు, టీ, కూల్‌డ్రింక్, ప్రసాదం. ఇచ్చేవాడు తాను తినడు, లేదా ప్యాకెట్లో రెండోవైపు నుంచి తీసుకుని తింటాడు. మీతో రెండు మూడు గంటలు మంచిగా మాట్లాడాకే ఇస్తాడు. సాధారణంగా ఒంటరిగా ఉన్నవారినో, ఒకేసారి తినే ఇద్దరినో ఎంచుకుంటాడు.

కాబట్టి తొక్క ఉన్న పండు తీసుకోండి. అరటిపండు, కమలాపండు మీరే ఒలుచుకోండి. మీ కళ్ల ముందే అమ్మేవాడి దగ్గర కొన్నదీ, ఒకే గిన్నెలోంచి ఆ ఇంటి పిల్లలు తింటుండగా వడ్డించిందీ తినవచ్చు. విప్పిన ప్యాకెట్, మూత తీసిన సీసా, వేరుగా మీకోసమే పోసి తెచ్చిన టీ మాత్రం వద్దు. జంటగా ఉన్నందుకు మీకో సౌకర్యం ఉంది. ఒకరు తిన్నాక రెండోవారు గంట ఆగండి.

కాదనడానికి అబద్ధాలు అక్కర్లేదు. ఉపవాసమని చెప్పి అరగంటకు పల్లీలు తింటూ దొరికిపోతే చిన్నబుచ్చుకుంటారు. ‘ఇప్పుడే తిన్నామండీ, ఇంక చోటు లేదు. మీరు తినండి, మేం కబుర్లు చెబుతాం’ అనండి. లేదా తీసుకుని, ‘రాత్రికి ఉంచుకుంటాం’ అని డబ్బాలో పెట్టండి. మంచివాళ్లెవరూ తినమని మీద పడరు. పదేపదే బలవంతపెడితే అదే గుర్తు.

అరలో ఎవరైనా ఉన్నట్టుండి లేపినా లేవని నిద్రలోకి పోతే నోట్లో నీళ్లు పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 139కి ఫోన్ చేసి కోచ్, బెర్తు నంబర్లు చెప్పండి. టీటీఈని పిలవండి. తర్వాతి పెద్ద స్టేషన్లో డాక్టర్‌ను రప్పిస్తారు.

మాట మొదలుపెట్టడం మనవాళ్లకు కష్టమే కాదు, ‘ఎక్కడి దాకా అండీ?’ చాలు. బళ్లారి దాటాక కన్నడం వాళ్లయితే ‘ఊట ఆయ్తా?’ అనండి. మంగళూరు వైపు తుళులో అదే మాట ‘ఒణస్ ఆండా?’ మన ‘భోజనం అయిందా?’ అన్నట్టే, ఆ ఒక్క ముక్కకే ముఖాలు విప్పారతాయి. గోవాలో కృతజ్ఞత చెప్పడానికి ‘దేవ్ బొరెం కొరుం’. పేరు, ఊరు, ఉద్యోగం చెప్పుకోవడంలో తప్పులేదు. దిగే హోటల్ పేరు, టికెట్ ఫొటో, మీ ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి మాత్రం చెప్పొద్దు. ఫోన్ నంబర్లు దిగే ముందు అరగంటలో ఇచ్చుకోండి, ఎక్కిన అరగంటలో కాదు. రాత్రంతా చూశాక మనిషి ఎలాంటివాడో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మేమూ పదిమందికి పెట్టేలా ఇంటి నుంచి ఏదైనా తీసుకెళ్లాలి. పోయినసారి పులిహోర రాత్రికే జిగురుపట్టి వాసన వచ్చింది. ఎందుకు? – ఏలూరు పాఠకురాలు

జవాబు: వేడి అన్నం మీద మూత పెట్టారు. లోపలి ఆవిరి నీరై మూతకు పట్టి మళ్లీ అన్నం మీదే పడుతుంది, ఆ తడిలోనే పాడవుతుంది. అరకిలో సోనామసూరి బియ్యం ఐదారుగురికి సరిపోతుంది. పొడిపొడిగా వార్చి, పెద్ద పళ్లెంలో పలుచగా పరిచి, పసుపు, రెండు చెంచాల నూనె చల్లి ఫ్యాన్ కింద ముప్పావుగంట వదిలేయండి. పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసును నూనె పైకి తేలేదాకా ఉడికించండి. పులుసు పలుచగా ఉంటే అదీ తడే. అన్నం, పులుసు రెండూ పూర్తిగా చల్లారాకే కలపండి. ఉల్లి, పచ్చి కొబ్బరి వెయ్యొద్దు. వేరుశనగపప్పు వేయించి విడిగా కట్టి, తినేముందు కలపండి, లేకపోతే మెత్తబడుతుంది.

ఇంత చేసినా పులిహోర ఆ రాత్రికే. మర్నాటికి ఉంచొద్దు. తర్వాతి రోజులకు చేగోడీలు, జంతికలు, సున్నుండలు. పక్కవాళ్లకు పెట్టేటప్పుడు డబ్బా వాళ్ల ముందే తెరిచి, ముందు మీరు ఒక ముద్ద తినండి. వాళ్ల ఇంట్లోనూ ఒక అత్తగారు ఉంటారు.

ప్రశ్న: సంచి ఎంత పెద్దది? బెర్తు కింద గొలుసు వేసినా దొంగతనాలు ఆగడం లేదంటారు, నిజమేనా? – గుంటూరు పాఠకుడు

జవాబు: చెరొకరికి 40 నుంచి 45 లీటర్ల సంచి, నిండాక 8, 9 కిలోలు మించకూడదు. అంతకంటే పెద్దదైతే బెర్తు కింద అడ్డంగా పట్టదు, ఎదుటివాళ్ల కాళ్ల దగ్గరికి వస్తుంది. స్లీపర్లో దుప్పట్లివ్వరు. చెరో దుప్పటి, గాలి ఊదుకునే దిండు పెట్టుకోండి. డిసెంబరులో హుబ్బళ్లి దాటాక తెల్లవారుజామున కిటికీ సందుల్లోంచి చలి బాగా వస్తుంది.

గొలుసు వేయడంలోనే ఉంది కిటుకు. లోయర్ బెర్తు అడుగున ఇనుప రింగులుంటాయి. చాలామంది గొలుసును సంచి పైనున్న సన్నటి పట్టీలోంచి తీస్తారు, అది బ్లేడుతో ఒక్క కోత. రెండు భుజాల పట్టీలూ పైపట్టీ మూడూ కలిసేలా గొలుసు దూర్చి, సంచిని భుజాల పట్టీలు గోడవైపుండేలా తిప్పి తాళం వేయండి. డబ్బు, గుర్తింపు కార్డులు, ఫోన్లున్న చిన్న సంచి తలకింద.

ఫోన్లు ఎక్కువగా పోయేది కిటికీ దగ్గరే. బండి సిగ్నల్ దగ్గర నెమ్మదించినప్పుడు, స్టేషన్ వదిలి కదులుతున్నప్పుడు బయటి నుంచి లాగేస్తారు. ఇంకో సంగతి, రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపే పద్ధతి ఉంది. తొమ్మిదింటికే ఛార్జింగ్ పెట్టుకోండి.

ప్రశ్న: ఇద్దరికీ వేర్వేరు బోగీల్లో బెర్తులొచ్చాయి. మారమని ఎవరినడగాలి? – ఒంగోలు పాఠకుడు

జవాబు: ఒంటరిగా ప్రయాణిస్తున్న కుర్రాళ్లను అడగండి, తొమ్మిది లోపు, వాళ్లు పక్క వేసుకోకముందే. మీ దగ్గరున్న మంచి బెర్తు ఇచ్చి వాళ్ల దగ్గరున్న తక్కువది తీసుకోండి. అప్పర్ ఇచ్చి లోయర్ అడిగితే ఎవరూ ఒప్పుకోరు. 60 దాటిన మగవాళ్లకూ 45 దాటిన ఆడవాళ్లకూ కోటాలో వచ్చిన లోయర్‌ను అడగనే వద్దు.

మార్పు కుదిరాక కూడా టీటీఈ వచ్చేదాకా ఎవరి బెర్తులో వాళ్లుండండి. ఆయన వచ్చేసరికి బెర్తు ఖాళీగా కనిపిస్తే ప్రయాణికుడు రాలేదని రాసుకుని ఆర్‌ఏసీ వాళ్లకు ఇచ్చేయవచ్చు. అప్పుడు మీకూ, మీ మాట విని మారిన ఆ కుర్రాడికీ చిక్కే.

ప్రశ్న: హంపిలో విదేశీ బ్యాక్‌ప్యాకర్లతో కలిసి తిరగవచ్చా? దూధ్‌సాగర్ దగ్గర రైలు ఆగుతుందా? – నంద్యాల నుంచి ఓ జంట

జవాబు: హోస్పేట స్టేషన్ నుంచి హంపి 13 కిలోమీటర్లు. ఆటో పంచుకోవడంతోనే ఆ పరిచయాలు మొదలవుతాయి. ఎక్కేముందే ఆటో మొత్తానికి ఎంతో మాట్లాడుకోండి, తలకింత అన్న బేరం వద్దు. పాత రాతలు చదివి విరూపాపుర గడ్డెలో బస వెతక్కండి. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో అక్కడి రిసార్టులు కూల్చేశారు. ఇప్పుడు హోస్పేట, కమలాపుర, ఆనెగొంది వైపు చూసుకోవాలి. ఇద్దరి ఆధార్ కార్డులూ వెంట ఉంచుకోండి. కొన్ని బ్యాక్‌ప్యాకర్ హాస్టళ్లు మన దేశపు జంటలకు మంచాలివ్వవు, ముందే ఫోన్ చేసి అడగండి. విదేశీయుల్ని జీతమెంత, పెళ్లయిందా అని మొదటి పది నిమిషాల్లో అడగకండి. ఫొటో అడిగి తీయండి.

దూధ్‌సాగర్ జలపాతం క్యాజిల్‌రాక్, కూలెం మధ్య ఘాట్‌లో ఉంది. 37 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు, అందుకే ఇక్కడ బళ్లకు అదనపు ఇంజన్లు తగిలిస్తారు. జలపాతం చూడ్డానికని బండి ఆపరు, దిగి పట్టాల మీద నడవడం నేరం. మీ బండి క్యాజిల్‌రాక్ వదిలే వేళ పగటిదా కాదా అని టికెట్ తీసే ముందే టైంటేబుల్లో చూడండి. చీకట్లో దాటితే కనిపించేది కిటికీలో మీ మొహాలే. తలుపు దగ్గర నిలబడకండి, సొరంగాలు వరసగా వస్తాయి. డిసెంబరులో నీరు వానాకాలమంత ఉండదు. జలపాతం కోసమే అయితే వానల్లో వెళ్లండి. అప్పుడు కొంకణ్‌లో వేరే టైంటేబుల్ నడుస్తుంది, బళ్ల వేగం తగ్గిస్తారు. మడ్‌గావ్‌లో బండి మారాలంటే కనీసం నాలుగు గంటల వ్యవధి పెట్టుకోండి.